రెండు భాషల బళ్ళారి: కొన్ని విశేషాలు

గుంతకల్లులో రైలెక్కితే బళ్ళారి యాభై కిలోమీటర్ల దూరం. ఆ కాస్త దూరంలోనే రాష్ట్రం మారుతుంది, స్టేషను బోర్డు మీద లిపి మారుతుంది. మాట మాత్రం అంత తొందరగా మారదు. బళ్ళారి బజారులో కన్నడంలో బేరం మొదలుపెట్టినవారు తెలుగులో ముగించడం, పక్కనుంచి దక్కనీ ఉర్దూలో మరొకరు అందుకోవడం మామూలే. తమిళం, మరాఠీ, లంబాడీ మాట్లాడే కుటుంబాలూ ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ఈ ఊరు ఎవరిదని రెండు భాషలవారు దశాబ్దాలు వాదించుకున్నారు. ఊరు మాత్రం రెండు భాషలనూ పెంచుకుంటూ వచ్చింది. ఆ సంగతులు కొన్ని ఇవి.

పేరు మారింది ఇంగ్లీషులోనే

2014 నవంబరు 1న కర్ణాటక ప్రభుత్వం 12 పట్టణాల పేర్లను ఇంగ్లీషులో కూడా కన్నడ ఉచ్చారణకు తగినట్టు సవరించింది. బెల్లారీ అలా బళ్ళారి అయింది. కన్నడిగులూ తెలుగువారూ అంతకుముందు నుంచే ఊరిని బళ్ళారి అంటున్నారు. రెండు భాషలవారికీ ఈ విషయంలో తగువే లేదు.

సినిమావాళ్ళ ‘సీడెడ్’లో బళ్ళారి చరిత్ర

తెలుగు సినిమా వసూళ్ళ లెక్కల్లో రాయలసీమను ‘సీడెడ్’ అంటారు. ఆ పేరుకు మూలం 1800 నాటి ఒప్పందం. తన రక్షణకు ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఈ సీమను బ్రిటిషువారికి వదులుకున్నాడు. అవే సీడెడ్ జిల్లాలు, తెలుగులో దత్త మండలాలు. కడప, అనంతపురం ప్రాంతాలతో పాటు బళ్ళారి కూడా అందులోదే. నేటి అనంతపురం జిల్లా 1882 దాకా బళ్ళారి జిల్లాలో భాగం. అనంతపురంవారి పాత భూమి కాగితాల్లో బళ్ళారి పేరు కనిపించడానికి కారణం ఇదే.

533 బడులు, ఆరేడు భాషలు

1823లో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడులన్నిటినీ లెక్కపెట్టించి మద్రాసుకు నివేదిక పంపాడు. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226. మరాఠీ 23, పారసీకం 21, తమిళం 4, ఇంగ్లీషు ఒక్కటి. సంస్కృతంలో శాస్త్రాలు నేర్పే చోట్లు మరో 23. రెండు శతాబ్దాల కిందట, భాషా రాష్ట్రాల ఊహ కూడా లేని రోజుల్లో, కన్నడ బడికీ తెలుగు బడికీ మధ్య తేడా తొమ్మిది మాత్రమే! అంత పెద్ద జిల్లాలో బడికి వెళ్తున్న ఆడపిల్లలు 60 మంది అని కూడా అదే నివేదిక చెబుతుంది. ఆ లెక్క ఇప్పటికీ మనసును కలుక్కుమనిపిస్తుంది.

చదవడం వస్తుంది, అర్థం కాదు

అదే నివేదికలో క్యాంప్‌బెల్ ఒక చురుకైన గమనింపు రాశాడు. తెలుగు, కన్నడ అక్షరాలు ఒకటే కావడంతో ఒకటి చదవగలిగినవాడు రెండోదాన్నీ చదివేస్తాడట, కానీ అర్థం చేసుకోలేడట. పైగా బడుల్లో చెప్పే పుస్తకాలన్నీ పద్యాలు, ఆ భాష వాడుక భాషకు చాలా దూరం, పిల్లలు అర్థం తెలియకుండానే వల్లె వేస్తున్నారు అని బాధపడ్డాడు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాటం మొదలుపెట్టడానికి ఎనభై ఏళ్ళు పైనే ముందు బళ్ళారి కచేరీలో రాసిన మాట ఇది. కన్నడ లిపి, తెలుగు లిపి ఒకే పాత లిపి నుంచి విడివడ్డాయి. గ, న, ద, ర, ల వంటి అక్షరాల్లో ఆ చుట్టరికం ఈనాటికీ కంటికి ఆనుతుంది.

తెలుగు వ్యాకరణం రాసిన కలెక్టరు

ఈ క్యాంప్‌బెల్ బళ్ళారికి రాకముందే తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాశాడు. 1816లో అచ్చయిన ఆ పుస్తకానికి మద్రాసు అధికారి ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ ఒక పీఠికా వ్యాఖ్య జోడించాడు. తెలుగు, తమిళం, కన్నడం వంటివి సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వీటికి వేరే కుటుంబం ఉందనీ ఆధారాలతో నిరూపించిన తొలి రచన అదే. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంతో పేరు తెచ్చుకున్న కాల్డ్‌వెల్ పుస్తకం 1856లో వచ్చింది, అంటే 40 ఏళ్ళ తర్వాత. కన్నడ, తెలుగు అక్కచెల్లెళ్ళన్న సంగతి రుజువైన పుస్తకం రాసినాయనే ఆ ఇద్దరూ కలిసి బతికే జిల్లాకు కలెక్టరుగా వచ్చాడు.

కన్నడ నిఘంటువుకూ ఇక్కడే బీజం

బళ్ళారిలో పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీ వారిలో జాన్ హ్యాండ్స్ బైబిలును కన్నడంలోకి తెచ్చాడు. ఆయన సహచరుడు విలియం రీవ్ కూర్చిన కన్నడ–ఇంగ్లీషు నిఘంటువు 1832లో మద్రాసులో అచ్చయింది. కిట్టెల్ నిఘంటువు రావడానికి అరవై ఏళ్ళ ముందు మాట ఇది. కడపలో బ్రౌన్ తెలుగుకు చేసిన సేవ మనకు తెలుసు. పక్క జిల్లాలో కన్నడానికి అలాంటి పని జరిగిందని తెలిసినవారు మనలో తక్కువ.

ఆంధ్ర నాటక పితామహుడు కన్నడంలోనూ రాశాడు

ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో వకీలు. 1880లలో ఇక్కడే సరసవినోదినీ సభ నెలకొల్పి ‘చిత్రనళీయం’ ఆడించాడు. తెలుగు రంగస్థలం మీద విషాదాంత నాటకానికి ‘విషాద సారంగధర’తో దారి వేసింది ఆయనే. ఆయన తొలి నాటకాల్లో ఒకటి కన్నడంలో రాసినది. పోటీగా మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపాడు. విజయనగర పతనాన్ని ‘రామరాజు చరిత్ర’గా రంగం మీదికి తెచ్చాడు. ఆధునిక తెలుగు నాటకం పునాదుల్లో పెద్ద భాగం నేడు కర్ణాటకలో ఉన్న ఊళ్ళో పడింది. తెలుగు నాటక చరిత్ర చదివే విద్యార్థులకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

బళ్ళారి రాఘవ: వేషం ఏదైనా, భాష ఏదైనా

తాడిపత్రిలో 1880లో పుట్టిన రాఘవాచార్యులు ధర్మవరంవారి మేనల్లుడు. ఇంటిపేరు పోయి ఊరి పేరే ఆయనకు స్థిరపడింది. పగలు కోర్టులో వాదన, రాత్రి రంగస్థలం మీద పఠాన్ రుస్తుం వేషం. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, హిందీ నాలుగు భాషల్లోనూ నటించాడు. 1927లో గాంధీజీ ఆయన ఆడిన హిందీ నాటకం ‘దీనబంధు కబీర్’ చూసి మెచ్చుకున్నారు. ఆడవేషాలు ఆడవారే వేయాలని పట్టుబట్టి కుటుంబ స్త్రీలను రంగం మీదికి తెచ్చినవారిలో ఆయన ముందువరుసలో ఉంటాడు. 1946లో ఆయన పోయాక, 1953లో ఊరు కర్ణాటకవైపు వెళ్ళాక కూడా బళ్ళారిలో ఆయన పేరిట కళామందిరం నిలబడింది. తెలుగు నటుడని కన్నడిగులు ఆయన్ను పక్కన పెట్టలేదు. ఇది ఈ ఊరి మనసుకు మంచి సాక్ష్యం.

చదువురాని ఈరమ్మ గొంతులో కథల రాశి

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని దరోజి ఊరి ఈరమ్మ బుడగ జంగాల ఆడబిడ్డ. సంచార జీవనం గడిపిన ఈ కులంవారి ఇంటిభాష తెలుగు. ఆమె బుర్రకథలు చెప్పింది మాత్రం కన్నడంలో. తండ్రి దగ్గర విని ఎన్నో పెద్ద కథలు నేర్చుకుంది. అక్షరం ముక్క రాదు, అంతా నోటికే వచ్చు. హంపీలోని కన్నడ విశ్వవిద్యాలయం 2003లో ఆమెకు నాడోజ గౌరవం ఇచ్చింది. 2014లో ఆమె కన్నుమూసింది. ఇంట్లో ఒక భాష, కళలో ఇంకో భాష అన్నది పండితులకే సాధ్యమని అనుకునేవారు ఈరమ్మను తలుచుకోవాలి. ఆమెకు కన్నడ సీమ ఇచ్చిన గౌరవానికి తెలుగువారు కూడా గర్వపడాలి.

తెలుగును పొగిడిన కావ్యంలో ‘కన్నడ రాయ’

బళ్ళారికి అరవై కిలోమీటర్ల చేరువలో హంపీ. అక్కడి నుంచి ఏలిన కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో దేశభాషల్లో తెలుగుకు పెద్దపీట వేసిన సంగతి ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలుసు. అదే ఘట్టంలో కలలో కనిపించిన ఆంధ్ర మహావిష్ణువు రాజును ‘కన్నడ రాయ’ అనే సంబోధిస్తాడు. కన్నడ రాజ్యాన్ని ఏలే రాజు తెలుగులో కావ్యం రాయడం ఆ కాలంవారికి వింత కాలేదు. నేడు అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, బళ్ళారిలో విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. రాయలు ఇద్దరికీ కావలసినవాడే.

1953: తెగిన జిల్లా

భాషా రాష్ట్రాల మాట వచ్చేసరికి ఈ కలిసిన బతుకే తగువుకు కారణమైంది. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తర్వాత ఆంధ్ర రాష్ట్రం ఖాయమైంది. బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకని తేలింది. బళ్ళారి తాలూకా మాత్రం తేలలేదు. హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్. ఎస్. మిశ్రా విచారణ జరిపి దాన్ని మైసూరు రాష్ట్రంలో చేర్చాలని సిఫారసు చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజే బళ్ళారి మైసూరులో కలిసింది.

ఆ ముందు రాత్రి వేడుకల పందిరికి కాపలా ఉన్న పహిల్వాన్ రంజాన్ సాబ్ దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. కన్నడిగులు ఆయన్ను కర్ణాటక ఏకీకరణ అమరవీరుడిగా ఏటా తలుచుకుంటారు. ఒక భాషవారి త్యాగం ఇంకో భాషవారికి తెలియకపోవడం సరిహద్దు ఊళ్ళ దురదృష్టం. శ్రీరాములు త్యాగానికి చేతులెత్తి మొక్కే మనం రంజాన్ సాబ్ పేరు కూడా తెలుసుకోవాలి.

ఆంధ్రకివ్వండన్న కమిషన్

కథ అక్కడితో ముగియలేదు. ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 నివేదికలో బళ్ళారి, హొసపేట, సిరుగుప్ప తాలూకాలను తిరిగి ఆంధ్రకు ఇవ్వాలని సూచించింది! తుంగభద్ర ప్రాజెక్టు, రాయలసీమతో ఉన్న వర్తక సంబంధాలు అది చూపిన కారణాలు. భాష ఒక్కటే కొలబద్ద కాదన్నది దాని వాదన. కేంద్రం ఆ సిఫారసును ఒప్పుకోలేదు. 1956లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలోనే నిలిచింది.

నీళ్ళు కలిపినవారు

హద్దు గీసినా తుంగభద్రను ఎవరూ విడదీయలేకపోయారు. ఆనకట్ట కర్ణాటకలో ఉంది, కాలువల నీళ్ళు ఆంధ్రలోకీ పారతాయి. అందుకే 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం కిందే ఉమ్మడిగా తుంగభద్ర బోర్డు ఏర్పాటైంది. కాలువ నీళ్ళ వెంట కోస్తా జిల్లాల రైతులు సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలకు తరలివచ్చి వరి పండించారు. వారి ఊళ్ళను ఇప్పటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు. అక్కడ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు రెండు రాష్ట్రాల నిపుణులూ ఒకచోట చేరి వారంలోపే స్టాప్‌లాగ్ దించి నీటిని ఆపారు. రైతుకు ఆ రోజు కావలసింది ఆ పని ఒక్కటే.

నెల తిరక్కుండా కన్నడం

1999 లోక్‌సభ ఎన్నికల్లో బళ్ళారి నుంచి సోనియా గాంధీ మీద సుష్మా స్వరాజ్ పోటీ చేశారు. హర్యానాలో పుట్టిపెరిగిన సుష్మ ప్రచారం సాగిన కొద్ది వారాల్లోనే కన్నడం నేర్చుకుని సభల్లో మాట్లాడారు. గెలుపు సోనియాదే, మెజారిటీ 56 వేల పైచిలుకు. ఓడినా సుష్మ కన్నడ ప్రసంగాలను జనం చాలాకాలం చెప్పుకున్నారు. ఎదుటివారి భాషలో నాలుగు మాటలు మాట్లాడితే ఎంత ఆదరణ దొరుకుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అటు తెలుగు, ఇటు కన్నడం

కర్ణాటకలో ఎస్ఎస్ఎల్‌సీ పరీక్షకు తెలుగును మొదటి భాషగా తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి కన్నడ మాధ్యమంలో రాయవచ్చు. ఆదోని, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడ బడులు నేటికీ నడుస్తున్నాయి. పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన సందర్భంగా వచ్చిన 7వ సవరణతోనే ఇది చేరింది. హద్దు గీసినవారు హద్దుకు అటువైపు మిగిలే పిల్లల గురించి ఆలోచించారనడానికి ఇదే నిదర్శనం.

కన్నడ కథకుడికి ఆంధ్ర బడి

బళ్ళారి సీమలోని కొట్టూరులో పుట్టిన కుం. వీరభద్రప్ప కర్నూలు జిల్లా సరిహద్దు ఊళ్ళలో కన్నడ పంతులుగా చాలా ఏళ్ళు పనిచేశారు. అక్కడి కరువు, కక్షలు, పల్లె మనుషులు ఆయన కన్నడ కథల్లోకి నడిచి వచ్చారు. ‘అరమనె’ నవలకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. రాయలసీమ పల్లె కన్నడ సాహిత్యంలో బతుకుతున్న సంగతి మన సాహితీ సభల్లో అరుదుగా వినిపిస్తుంది.

డబ్బింగు లేని రోజుల్లో

1960ల నుంచి కన్నడ చిత్రసీమ డబ్బింగు సినిమాలను కట్టుబాటుగా దూరం పెట్టింది. తమ చిన్న పరిశ్రమను కాపాడుకోవాలన్నది వారి తపన. దాంతో బళ్ళారివారు తెలుగు సినిమాను తెలుగులోనే చూశారు. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ కట్టుబాటు చెల్లదని తీర్పిచ్చింది. ఇప్పుడు ‘పుష్ప’ కన్నడంలో వస్తోంది, ‘కేజీఎఫ్’, ‘కాంతార’ తెలుగులో ఇంటింటా తెలిసినవే.

బోర్డుపై 60 శాతం

2024లో కర్ణాటక చేసిన సవరణ చట్టం ప్రకారం దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడం ఉండాలి, అది పై భాగంలో ఉండాలి. బళ్ళారి తెలుగు వర్తకుడికీ ఇదే నియమం. రాష్ట్ర భాషకు ఆ గౌరవం న్యాయమైనదే. మన రెండు రాష్ట్రాల్లో తెలుగు బోర్డుల సంగతి చూసుకుంటే కన్నడిగుల పట్టుదల నుంచి మనం నేర్చుకోవలసింది కూడా ఉంది. మిగిలిన 40 శాతంలో ఇరుగుపొరుగు భాషకు చోటు దొరికితే మరీ మంచిది.

గొంతు ఒకటే, మార్కులు వేరు

భాషల మీద మన అభిప్రాయాలు ఎంత లోతుగా పాతుకుని ఉంటాయో 1960లో, బళ్ళారిలాగే రెండు భాషలున్న కెనడా నగరం మాంట్రియల్‌లో వాలెస్ లాంబర్ట్ బృందం చూపించింది. రెండు భాషలూ చక్కగా వచ్చినవారి చేత ఒకే పాఠాన్ని ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ చదివించి రికార్డు చేశారు. వింటున్నవారికి మనిషి ఒకరేనని చెప్పలేదు. ఇంగ్లీషు గొంతుకు తెలివి, నమ్మకం వంటి గుణాల్లో ఎక్కువ మార్కులు పడ్డాయి. బాధ కలిగించే విషయమేమిటంటే, ఫ్రెంచి విద్యార్థులే తమ భాష గొంతుకు తక్కువ మార్కులు వేశారు. తన భాషను తానే చిన్నచూపు చూసుకునే ఈ జబ్బు తెలుగు, కన్నడ ఇళ్ళలో ఇంగ్లీషు ముందు రోజూ కనిపిస్తుంది.

రెండు భాషలు బరువు కాదు

అదే నగరంలో పదేళ్ళ పిల్లల మీద పీల్, లాంబర్ట్ చేసిన పరిశోధన 1962లో వెలువడింది. రెండు భాషలు నేర్పితే పిల్లల బుద్ధి మొద్దుబారుతుందని అప్పటిదాకా చాలామంది నమ్మేవారు. వారి పరీక్షల్లో రెండు భాషల పిల్లలే ముందున్నారు. ఆ ఫలితాల మీద తర్వాత చాలా చర్చ జరిగింది గానీ, పాత నమ్మకం మాత్రం పరిశోధకుల్లో సడలింది.

వ్యాకరణాలు కలిసిపోయిన కుప్వాడ్

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో కర్ణాటక సరిహద్దు దగ్గరి కుప్వాడ్‌లో గంపర్జ్, విల్సన్ అనే భాషా శాస్త్రజ్ఞులు 1971లో ఒక అద్భుతాన్ని లోకానికి తెలిపారు. అక్కడి కన్నడ, మరాఠీ, ఉర్దూ వాక్య నిర్మాణాలు శతాబ్దాల సహవాసంలో దాదాపు ఒకటైపోయాయి. ఒక భాష వాక్యంలో మాటలను మార్చి ఇంకో భాష మాటలు పెడితే చాలు, అనువాదం అయిపోతుంది. తాళ్ళు పేనే తెలుగు కుటుంబాలు కూడా ఆ ఊళ్ళో ఉన్నాయి. సంసర్గంలో భాష చెడిపోతుందని మనం అంటాం. ఆ ఊరివారు మాత్రం ఏ భాషనూ వదులుకోకుండా అన్నిటినీ దగ్గర చేసుకున్నారు.

వలస పోయినా మాట పోదు

భాషా శాస్త్రజ్ఞుడు పి. బి. పండిట్ 1972లోనే ఒక మాట చెప్పారు. ఐరోపా నుంచి అమెరికా చేరినవారు రెండు మూడు తరాల్లో తమ భాష మరిచిపోతే, భారతదేశంలో వలస వెళ్ళినవారు శతాబ్దాల పాటు నిలుపుకుంటారు. మధురైలో సౌరాష్ట్రులు, తమిళనాట తెలుగువారు అందుకు సాక్ష్యం. ఇక్కడ కొత్త భాష నేర్వాలంటే పాతది వదులుకోవలసిన అగత్యం లేదు.

చివరిగా ఒక మనవి

కన్నడం తెలుగును మింగలేదు, తెలుగు కన్నడాన్ని మింగలేదు. ఈ రోజు రెండింటికీ ఉన్న పెద్ద కష్టం ఒక్కటే: ఇంట్లో మాట్లాడే భాషను చదవలేని, రాయలేని పిల్లలు పెరగడం. సరిహద్దు ఊళ్ళ తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలకు బడిలో రాష్ట్ర భాష గట్టిగా నేర్పించండి. ఇంటిభాష లిపిని సెలవుల్లో మీరే దిద్దించండి. మిగతా తెలుగువారు కూడా కన్నడ అక్షరమాల ఒకసారి తెరిచి చూడండి. లిపిలో చాలాభాగం మనకు ముందే వచ్చు, మిగిలింది కొన్నాళ్ళ పని.